తొర్రొంతెస్ తెల్ల వైన్‌తో ఏ వంటకాలు వడ్డించాలి?

అర్జెంటీనాలోని సాల్టా రాష్ట్రంలో, సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉన్న కఫయాతే ప్రాంతపు తొర్రొంతెస్ వైన్‌ను మిత్రుల విందులో వడ్డించదలచాను. మస్కట్ అనే సువాసన ద్రాక్ష రకపు సంతతికి చెందిన ఈ ద్రాక్ష వల్ల మల్లె, గులాబీ, నారింజ తొక్కల పరిమళం ముందుగా తగిలి, వైన్ తియ్యగా ఉంటుందనిపిస్తుంది గానీ, రుచి చూస్తే తీపి లేకుండా, సన్నని పులుపుతో సాగి, చివర కొద్దిపాటి చేదు మిగులుతుంది. నాకు ఆ వైరుధ్యమే ఎంతో ఇష్టం. అక్కడివారు దీనితో జీలకర్ర వేసిన మాంసం కూరిన, కజ్జికాయల్లాంటి ఎంపనాడాలు, రుబ్బిన మొక్కజొన్న ముద్దను పొత్తు ఆకుల్లో చుట్టి ఉడికించే ఉమితలు, మేకపాల చీజ్ తింటారు. మాంసపు ఎంపనాడాల ముందు ఈ సువాసన నిలుస్తుందా, లేక నిమ్మరసంలో ఊరిన చేపల సెవిచేతో మొదలుపెట్టడం మేలా? మరీ చల్లగా వడ్డిస్తే పరిమళం అణగి, చేదు ముందుకు వస్తుందేమోనని కూడా సందేహంగా ఉంది. ఈ వైన్‌తో పరిచయం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.