సిల్క్‌సాంగ్, ఎక్స్‌పెడిషన్ 33: తప్పు ఆటదా, నా చేతిదా?

పాలకొల్లు ప్లేయర్:

నమస్కారమండీ. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. దసరా సెలవులకు ఇంటికి వచ్చి, ఈ 2025లో విడుదలైన రెండు ఆటలను ల్యాప్‌టాప్‌లో వేసుకుని, హాల్లో ఉన్న పెద్ద టీవీకి కలిపి ఆడుతున్నాను. వాటి మీద నాకు కలిగిన తొలి అభిప్రాయాలు రాస్తున్నాను. అవి సరైనవో కావో మీరే చెప్పాలి.

మొదటిది హాలో నైట్ అనే పాత ఆటకు కొనసాగింపుగా వచ్చిన హాలో నైట్: సిల్క్‌సాంగ్. 2019 ఫిబ్రవరిలో ప్రకటించిన ఆట సెప్టెంబరు 4న చేతికి వచ్చింది. బొమ్మల పనితనానికీ సంగీతానికీ వంక పెట్టలేను. అయితే ప్రాణాన్ని లెక్కించే మాస్కులు ఐదింటితో బయలుదేరే కథానాయిక హార్నెట్‌కు కొన్ని దెబ్బలు రెండేసి మాస్కులు ఊడగొడుతున్నాయి కాబట్టి, మూడు తప్పులు చేస్తే కథ మళ్లీ మొదటికి వస్తోంది. కిందనున్న శత్రువును కొట్టి పైకి ఎగరబోతే ఆమె ఆయుధమైన సూది నిట్టనిలువుగా కాక ఏటవాలుగా దిగుతోంది. పాత ఆటకు అలవాటుపడిన నా వేళ్లకు అది పట్టుబడటం లేదు. ఇది చాలదన్నట్టు కొన్నిచోట్ల ప్రాణం నింపుకునే బెంచీ మీద కూర్చోవడానికి కూడా ఆ లోకపు డబ్బైన జపమాల పూసలు చెల్లించాలి. సఖినేటిపల్లి రేవులో పంటుకు డబ్బులిస్తే కనీసం అవతలి ఒడ్డుకైనా చేరుస్తారు.

రెండవది ఏప్రిల్ 24న వచ్చిన క్లెయిర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33. ఫ్రాన్సుకు చెందిన సాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ వారి తొలి ఆట అంటే నమ్మబుద్ధి కాలేదు. పెయింట్రెస్ అనే ఒక మహా రూపం ఏటేటా దూరాన ఉన్న శిలాస్తంభం మీద ఒక అంకె దిద్దుతుంది, ఆ వయసు వాళ్లంతా పూరేకులై గాలిలో కలిసిపోతారు, మరుసటి ఏడు ఆ అంకె ఒకటి తగ్గుతుంది. కథానాయకుడు గుస్తావ్ రేవు దగ్గర తన పాత ప్రియురాలు సోఫీకి వీడ్కోలు చెప్పే ఘట్టం నడుస్తుండగా మా అమ్మ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చి నిలబడి, అది ముగిసేదాకా కదలలేదు. చిక్కంతా పోరాటంలోనే ఉంది. వంతులవారీ ఆట కదా, తీరిగ్గా ఆలోచించుకోవచ్చునని కొన్నాను. తీరా చూస్తే శత్రువు వంతులో దెబ్బను అడ్డుకోవడానికి సరైన క్షణానికి పారీ నొక్కాలట. పదిసార్లు నొక్కితే తొమ్మిది సార్లు దెబ్బ తింటున్నాను. పాడ్ బాగానే ఉంది, కళ్లూ బాగానే ఉన్నాయి. ఆట కొన్న స్టీమ్ ఆన్‌లైన్ దుకాణంలో డబ్బు వెనక్కి అడగడానికి ఉన్న రెండు గంటల హద్దు ఎప్పుడో దాటిపోయింది. ఇక పక్కన పెట్టేయమంటారా?

చెరువుగట్టు, భీమవరం:

తమ్ముడూ, ఆట గురించి తీర్పు చెప్పే ముందు మీ టీవీని విచారించండి. కదలికలు నునుపుగా కనబడాలని టీవీ రెండు ఫ్రేముల (వరుసగా వచ్చే బొమ్మల) మధ్య తాను కల్పించిన ఫ్రేములను చొప్పిస్తుంది, రంగులకు మెరుగు పెడుతుంది. ఆ పని పూర్తయ్యేదాకా వచ్చిన బొమ్మను తన దగ్గరే ఆపుకుంటుంది. సినిమా చూసేవారికి ఆ ఆలస్యం తెలియదు. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము నిడివి సుమారు 16.7 మిల్లీసెకన్లు కాబట్టి, టీవీ 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే మీకు కనబడేది ఆరు ఫ్రేముల కిందటి సంగతి. పారీకి అది చాలా ఎక్కువ. సెట్టింగులలో గేమ్ మోడ్ పెట్టండి. అది లేకపోతే ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కు పీసీ అని పేరు పెట్టి చూడండి, చాలా టీవీలు ఆ పేరు చూడగానే మెరుగులు మానేస్తాయి. శబ్దం బ్లూటూత్ స్పీకరులో వింటున్నట్లయితే దానినీ తీసేయండి, ఎందుకంటే ఈ ఆటలో చాలామంది చప్పుడును బట్టే పారీ నొక్కుతారు. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలాలో పాత మానిటరు మీద ఆడతాను నేను. ఏరియేటర్ల మోతలో కూడా నాకు పారీలు పడుతున్నాయంటే గొప్ప నాది కాదు, ఆ మానిటరుది.

అలవాటయ్యేదాకా పారీ వదిలి డాడ్జ్ (దెబ్బ తప్పించుకోవడం) మాత్రమే చేయండి. దాని గడువు ఎక్కువ, పైగా డాడ్జ్ సమయానికి పడితే పర్‌ఫెక్ట్ అని చూపిస్తుంది. ఆ క్షణమే పారీకి కూడా సరిపోతుంది.

కోనసీమ సూది, అమలాపురం:

టీవీ సంగతి నిజమే కానీ, సిల్క్‌సాంగ్ విషయంలో తప్పంతా టీవీ మీదికి నెట్టలేమండీ. మొదట్లోనే రెండు మాస్కుల దెబ్బలు పెట్టడం కఠినమే. తయారీదారులైన టీమ్ చెర్రీ కూడా విడుదలైన కొద్ది రోజులకే తొలి అంకంలోని ఇద్దరు బాసులను (పెద్ద శత్రువులను) కాస్త మెత్తబరచి, కొన్ని బెంచీల ధర తగ్గించారు. దీనికి మరో వైపు కూడా ఉంది. సిల్క్ ఖర్చుపెట్టి బైండ్ (గాయం మాన్పుకోవడం) చేస్తే ఒకేసారి మూడు మాస్కులు తిరిగి వస్తాయి, అదీ గాలిలో ఉండగానే చేసుకోవచ్చు. సిల్క్ పుట్టేది శత్రువును కొట్టడం వల్లనే కనుక, భయపడి దూరం జరిగేవారికే ఈ ఆట ఎక్కువ కష్టం. చనిపోయిన చోట మిగిలే గూడును బాసు పక్కనే అయినా తొందరపడి పగలగొట్టకండి. అందులోంచి పూసలతో పాటు సిల్క్ కూడా నిండుతుంది కాబట్టి అది మీకు చేతిలో ఉన్న మందు లాంటిది. ఏటవాలు దెబ్బ మాత్రం నాకూ రెండు రోజుల దాకా రాలేదు. సూది తీరును మార్చే వాండరర్ క్రెస్ట్ దొరికాక పాత ఆటలోలాగే సూది నిలువుగా దిగుతుంది, అందాకా ఓపిక పట్టండి.

ధవళేశ్వరం గాలి:

పీఎస్5 గేమ్ కన్సోల్ ఉన్నవారి కోసం ఒక్క మాట. విజయదశమి నాడే, అక్టోబరు 2న, ఘోస్ట్ ఆఫ్ యోతేయ్ అనే ఆట వచ్చింది. ఒక్క సాయంత్రమే ఆడాను కనుక ఎక్కువ చెప్పను. 1603 నాటి ఎజో ద్వీపంలో, అంటే నేటి హొక్కైడోలో, అత్సు అనే స్త్రీ తన కుటుంబాన్ని పొట్టనబెట్టుకున్న ఆరుగురి కోసం వెదుకుతుంది. తెర మీద బాణం గుర్తుకు బదులు గాలే దారి చూపుతుంది. గడ్డి ఎటు వంగితే అటు వెళ్లడమే. సాయంత్రం పైరగాలికి వరిచేలు ఒకే వైపు వాలడం చూసి పెరిగినవాణ్ని కాబట్టి, నాకు మ్యాపు తెరవాలనే అనిపించలేదు. కత్తియుద్ధం మాత్రం దీనికి ముందు వచ్చిన ఘోస్ట్ ఆఫ్ సుషిమా ఆటకు మరీ దగ్గరగా ఉంది.

పాలకొల్లు ప్లేయర్:

భీమవరం అన్నగారికి ధన్యవాదాలు. గేమ్ మోడ్ పెట్టి, బ్లూటూత్ స్పీకరు తీసేశాను. నిన్న రాత్రి పదిసార్లు నొక్కితే ఆరు పారీలు పడ్డాయి. వరుస దెబ్బలన్నీ ఆపి, గుస్తావ్ ఎదురుదెబ్బ కొట్టినప్పుడు నేను అరిచిన అరుపుకు పక్కింటివారు దీపం వేశారు. కాబట్టి ఎక్స్‌పెడిషన్ 33 మీద నా తొలి అభిప్రాయాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. సిల్క్‌సాంగ్ మీద మాత్రం తీసుకోవడం లేదు. బాసు దగ్గరి గూడు కిటుకు పనిచేసింది గానీ, ఏటవాలు దెబ్బకు నేను ముళ్లలో పడుతూనే ఉన్నాను.

ఒక్కటే ఇబ్బంది మిగిలింది. మా టీవీకి పనిచేసే హెచ్‌డీఎంఐ రంధ్రం ఒక్కటే ఉండటంతో సెట్‌టాప్ బాక్సు కూడా దానికే పెట్టాలి. పొద్దున్న నాన్నగారు వార్తలు పెట్టుకుని, బొమ్మ ఇలా వెలిసిపోయిందేమిటని మెకానిక్కు ఫోన్ చేయబోయారు.