మేడ మీద సోలార్: మీటరు నాన్నగారి పేరు మీదే ఉంది, ముందు ఏం చేయాలి?

గోదారిగట్టు: తణుకు దగ్గర మా ఇల్లు. మేడ మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు పెట్టిద్దామని ఉంది. కరెంటు సర్వీసు మాత్రం కాలం చేసిన నాన్నగారి పేరు మీదే నడుస్తోంది. సబ్సిడీకి అడ్డమా? పెట్టించుకున్నవాళ్ళు చెప్పండి.

బెజవాడ బాబాయ్: అడ్డేనండి. పోర్టల్లో దరఖాస్తు సర్వీసు నంబరుతోనే మొదలవుతుంది. బిల్లు మీద ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉంటే డబ్బు ఆగిపోతుంది. మరణ ధ్రువపత్రం, ఇంటిపన్ను రసీదు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పట్టుకెళ్ళి ముందు పేరు మార్పించుకోండి. మా పక్కింటాయన ప్యానెళ్ళు బిగించాక ఈ పని మొదలెట్టి, ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగారు.

రమణ_ఏలూరు: సబ్సిడీ 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు. 3 పెట్టినా 8 పెట్టినా మొత్తం 78,000 దాటదు. ఆ డబ్బు నెట్ మీటరు (మనం వాడుకున్న కరెంటు, లైనుకి తిరిగి పంపిన కరెంటు రెండూ లెక్కపెట్టేది) బిగించి, తనిఖీ అయ్యాకే ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా ఖర్చంతా మనమే పెట్టుకోవాలి, లేదంటే బ్యాంకులో అప్పు తీసుకోవాలి. చేతిలో డబ్బులేని ఇంటికి ఈ పథకం అందకపోవడానికి ఇదే కారణమని నా గట్టి అభిప్రాయం. ఇంకొకటి, కొటేషన్‌లో 'డీసీఆర్' (దేశీయ సరుకు అని) రాయించుకోండి. సెల్స్, ప్యానెళ్ళు రెండూ మన దేశంలో చేసినవైతేనే సబ్సిడీ. చవగ్గా వస్తున్నాయని వేరేవి ఒప్పుకోకండి.

కరీంనగర్ పిలగాడు: మా దిక్కు సంగతి వేరే అన్నా. తెల్లకార్డు ఉన్నోళ్ళకు గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఇగ సోలార్ ఎవరు పెట్టుకుంటరు? ఆ బిల్లులకు కట్టే పైసలల్ల కొంత ప్యానెళ్ళ మీద పెడితే సర్కారుకూ మంచిదే, ఇంటికీ మంచిదే.

శైలజ_గుంటూరు: నీళ్ళ ట్యాంకు నీడ చూసుకోండి అన్నయ్యా. మాకు మధ్యాహ్నం మూడు దాటితే చివరి ప్యానెల్ మీద నీడ పడి, మిగతావాటి ఉత్పత్తీ తగ్గేది. ట్యాంకు జరిపించాక సరిపోయింది. బ్యాటరీ లేకపోతే కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకూడదని అలా పెట్టారు.

గోదారిగట్టు: ఇది ఎవరూ చెప్పలేదమ్మా. బాబాయ్ గారూ, మేం ముగ్గురు అన్నదమ్ములం. మిగతా ఇద్దరి సంతకాలు కావాలా?

బెజవాడ బాబాయ్: మా దగ్గర నిరభ్యంతర పత్రం అడిగారు, నోటరీతో. పండక్కి అందరూ ఇంటికొచ్చినప్పుడే సంతకాలు పెట్టించేసుకోండి.