డ్యూటీ దిగినా అలారం చెవుల్లోనే మోగుతోంది, ఏం చేయాలి?

నేను ఐసీయూలో స్టాఫ్ నర్సును, 9 ఏళ్లుగా. రాత్రి డ్యూటీ 12 గంటలు. ఇంటికొచ్చి పడుకున్నా వెంటిలేటర్ అలారం మోగినట్లు ఉలిక్కిపడి లేస్తున్నాను. పోయిన నెల 16 ఏళ్ల అబ్బాయి మా చేతుల్లోనే పోయాడు. వాళ్లమ్మను పట్టుకుని నిలబడింది నేనే. ఐదు నిమిషాలకే పక్క మంచం రోగికి మందు ఎక్కించాలి. ఏడవడానికి కూడా వ్యవధి లేదు. అప్పటి నుంచి మా పాప గట్టిగా పిలిచినా కసురుకుంటున్నాను. అదే నన్ను ఎక్కువగా బాధపెడుతోంది.

కిటికీలకు ముదురు తెరలు కట్టాను, తెల్లవారుజామున టీ మానేశాను. నిద్ర కాస్త మెరుగైంది, మనసు కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ లైన్ టెలి మానస్ 14416కు ఈ వారం ఫోను చేస్తాను. ఈ వృత్తిని వదులుకోలేను, నాకిది ప్రాణం. ఇలాంటి పనిలో ఉన్నవారు చెప్పండి: మరణం చూసిన రోజున ఇంటి గడప తొక్కే ముందు మీరేం చేస్తారు?