ఏడో తరగతిలో మళ్లీ వత్తులు నేర్పాలా, పాఠం ముందుకు నడపాలా?

పలకబలపం:
నేను ఏడో తరగతికి తెలుగు చెప్తాను. క్లాసులో ఏడెనిమిది మంది ఇంకా కూడబలుక్కునే చదువుతున్నారు. నిన్న ఒకబ్బాయి ‘ఆస్తి’ని ‘ఆసిత’ అని చదివాడు, అందరూ నవ్వారు. నిజానికి వాడు కంటికి కనిపించిన వరుసలోనే చదివాడు. గుడి స మీద ఉంది, త కింద ఉంది. ఆ గుడి పలకాల్సింది త తర్వాత అని వాడికి ఎవరూ విడమర్చి చెప్పినట్టు లేదు. అందుకే రోజూ పదిహేను నిమిషాలు వత్తులకు, పైకి చదివించడానికి తీసుకుంటున్నాను. సిలబస్ వెనకబడుతోందని తోటి టీచర్లు గొడవ. మీరేమంటారు?

సోషల్ మాస్టారు:
మీ బాధ అర్థమైంది మేడం, కానీ నేను ఒప్పుకోను. పన్నెండేళ్ల పిల్లాడి ముందు అక్షరాల చార్టు పెడితే వాడికి తల కొట్టేసినట్టు ఉంటుంది. ఒకసారి నేనూ వెనకబడిన పిల్లల్ని విడిగా కూర్చోబెట్టాను. ఒకమ్మాయి మర్నాటి నుంచి నా క్లాసులో నోరు విప్పడమే మానేసింది. పాఠం మీరే చదివి వినిపించండి, మాట్లాడించండి. ఆసక్తి పుడితే చదవడం అదే వస్తుంది.

చదువరి:
‘అదే వస్తుంది’ అన్నదగ్గరే నాకు అభ్యంతరం సార్. మాటలు వింటూ వింటూ వచ్చేస్తాయి. చదువు అలా రాదు, చాలామందికి నేర్పితేనే వస్తుంది. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో దీన్ని లెక్కలా చెప్పారు: చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాన్ని మాటగా మార్చగలగడం, ఆ భాష అర్థం కావడం, ఈ రెండింటి గుణకారం. కూడిక కాదు. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే.

మేడం, మీ ఏడెనిమిది మందిదీ ఒకే ఇబ్బంది అనుకోకండి. ఒక పేరా వాళ్లతో చదివించి ప్రశ్నలు అడగండి. అంతే కష్టం ఉన్న ఇంకో పేరా మీరు చదివి వినిపించి అడగండి. వింటే చెప్పగలిగి, చదివితే చెప్పలేకపోతే లోపం అక్షరాల దగ్గరుంది. విన్నా చెప్పలేకపోతే మాటల అర్థాలు, విషయం తెలియడం లేదన్నమాట. గడగడా చదివేసి, ‘ఎందుకలా చేశాడు?’ అంటే దిక్కులు చూసే పిల్లలూ ఉంటారు. వాళ్లకు వత్తులు దిద్దించి ఏం లాభం?

ఒక తల్లి:
రాత గురించి కూడా ఆలోచించండి. మా వాడి వ్యాసం నోటుబుక్కు నిండా ఎర్ర సిరా. పన్నెండు తప్పులు. ఇంట్లో ఇద్దరం కూర్చుని చూస్తే తొమ్మిది ఒకటే రకం, దీర్ఘం పడాల్సిన చోట హ్రస్వం: ‘నేను’ బదులు ‘నెను’, ‘చూశాను’ బదులు ‘చుశాను’. పన్నెండు తప్పులంటే ఏడ్చినవాడు, ఒక్క సంగతి సరిచేసుకుంటే చాలంటే తేరుకున్నాడు. ఒక్కో రాతలో ఒక్కో రకం తప్పే దిద్దితే ఏం పోతుంది? చూచిరాతలు మాత్రం పేజీలకు పేజీలు ఇస్తారు. అందులో వాడి సొంత వాక్యం ఒక్కటీ ఉండదు.

సోషల్ మాస్టారు:
చదువరిగారు చెప్పిన పరీక్ష నేనూ చేసి చూస్తాను. వత్తులు నేర్పొద్దని ఇక అనను. అయితే చార్టుతో వద్దు మేడం, ఏడో తరగతి మాటలతోనే నేర్పండి. ‘రాష్ట్రం’, ‘ఉష్ణోగ్రత’, ‘ప్రభుత్వం’ నా పాఠాల్లో రోజూ వస్తాయి. ‘రాష్ట్రం’ ఒక్క మాటలోనే ష కింద రెండు వత్తులు. దాన్ని నా పీరియడ్‌లో నేనే విడగొట్టి చదివిస్తాను. క్లాసు ముందు ఒక్కడినే లేపి చదివించడం మాత్రం ఇద్దరం ఆపేద్దాం.

పలకబలపం:
ఆపేస్తాను సార్. నిన్న అందరూ నవ్వారంటే అది నేను లేపి చదివించబట్టే. రేపటి నుంచి ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టి చదివిస్తాను. సోమవారం ‘రాష్ట్రం’ మీరు మొదలుపెట్టండి, అదే మాటతో సొంత వాక్యం నేను రాయిస్తాను.