అప్‌డేట్: వార్డు మెంబరుగా నిలబడ్డాను, 7 ఓట్ల తేడాతో పోయింది

మా వార్డు జనరల్ అయింది, పార్టీల అండ లేకుండా నిలబడొచ్చా అని పోయిన నెల అడిగాను కదా. నిలబడ్డాను. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులే ఉండవని మీలో ఒకరు చెప్పిన మాటే ధైర్యం ఇచ్చింది.

నామినేషన్‌కు 500 డిపాజిట్. ప్రతిపాదించే మనిషిది కూడా మన వార్డు ఓటే అయ్యుండాలి. అది తెలియక పక్క వార్డు చిన్నమ్మను తీసుకెళ్లి వెనక్కొచ్చాను.

గుర్తులు పేర్ల అక్షర క్రమంలో ఇస్తారట, కోరుకోవడానికి లేదు. బట్టలు కుట్టే నాకు గ్యాస్ పొయ్యి, నా మీద నిలబడ్డ, సూదిలో దారం ఎక్కించడం రాని పెద్దాయనకు గౌను! వారం రోజులు ఊరంతా ఇదే నవ్వు.

పోలింగ్ మధ్యాహ్నం ఒంటిగంటకే అయిపోయింది, 2 నుంచి లెక్కింపు. సర్పంచ్‌వి గులాబీ, మావి తెల్ల బ్యాలెట్ కాగితాలు. నాకు 61, ఆయనకు 68. ముందు రోజు రాత్రి ఎవరింటికి ఏం చేరిందో అందరికీ తెలుసు, నేను మళ్లీ చెప్పను.

డిపాజిట్ దక్కింది. ఓడినా 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి, ఆ పనిలోనే ఉన్నా. మా సందు మురికి కాలువ గురించి గెలిచినాయన నిన్న నన్నే వచ్చి అడిగాడు.