పాలిషింగ్ యూనిట్లకు పీసీబీ నోటీసులు: అసోసియేషన్ చూసుకుంటాదా, ఎవరికి వాళ్ళు జవాబు ఇయ్యాలా?

తాడిపత్రి_బండలు:
అందరికీ నమస్తే. మాది తాడిపత్రి దగ్గర నాపరాయి పాలిషింగ్ యూనిట్, పక్కనే కొంచెం గ్రానైట్ కూడా కోస్తాం. మా లైన్‌లో చాలామందికి పొల్యూషన్ బోర్డు నుంచి షోకాజ్ నోటీసులు వచ్చినాయి, స్లర్రీ (రాయి కోసేటప్పుడు వచ్చే బురద నీళ్ళు) బయట పోస్తాండారని, ఆ బురద అడుగుకు దిగే సెట్లింగ్ ట్యాంకులు సరిగ్గా లేవని. అసోసియేషన్ వాళ్ళు యూనిట్‌కు ఇంత అని చందా వసూలు చేస్తాండారు, మేము పైన మాట్లాడుకుంటాం మీరెవరూ విడిగా జవాబు ఇయ్యొద్దు అంటాండారు. చందా ఇయ్యడానికి నాకేం బాధ లేదు కానీ ఆ డబ్బుతో ఏం చేస్తారో అడిగితే ఎవరూ చెప్పరు. అసలు ఇట్లాంటి విషయాల్లో అసోసియేషన్ చేయగలిగింది ఏంది, చేయలేనిది ఏంది? ఇంకొకటి, 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పోయినప్పుడు మా దగ్గర గ్రానైట్ కొనే ఎక్స్‌పోర్టర్ ఆర్డర్లు ఆపేసినాడు, అప్పుడు కూడా అసోసియేషన్ నుంచి ఒక లెటర్ కూడా పోలేదు. తెలిసినోళ్ళు చెప్పండన్నా.

కర్నూలు_కన్సెంట్:
ముందు అర్జెంట్ పని. నోటీసు మీ యూనిట్ పేరు మీద వచ్చింది కాబట్టి జవాబు కూడా మీ యూనిట్ లెటర్‌హెడ్ మీదే పోవాల, అసోసియేషన్ లెటర్ దానికి బదులు కాదు. మామూలుగా 15 రోజుల టైమ్ ఇస్తారు, నోటీసులో తేదీ చూసుకోండి. జవాబు పోకపోతే వాటర్ యాక్ట్ సెక్షన్ 33ఏ కింద మూసేయమని ఆర్డర్ ఇయ్యొచ్చు, కరెంటు కట్ చేయమని కూడా చెప్పొచ్చు, అది వచ్చినాక ఎవరు ఎవరితో మాట్లాడినా కష్టమే. మీ సీఎఫ్ఓ (యూనిట్ నడపడానికి బోర్డు ఇచ్చిన అనుమతి) బయటికి తీసి దాంట్లో షరతులు ఒక్కొక్కటి చదవండి, చాలామంది ఫ్రేమ్ కట్టించి ఆఫీసు గోడకు తగిలిస్తారు గానీ వెనక పేజీలు ఎవరూ చదవరు.

ఇక అసోసియేషన్ చేయగలిగింది. నేను ఈ ఫైళ్ళ పనే చేస్తా కాబట్టి గట్టిగా చెప్తాండా, అసోసియేషన్‌కు నిజంగా బలం ఉండేది రూల్ రాకముందు, వచ్చినాక కాదు. పర్యావరణ శాఖ కొత్త రూల్ తెచ్చేటప్పుడు డ్రాఫ్ట్ గెజిట్‌లో వేస్తుంది, 60 రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు. 2020లో ఈఐఏ (ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావ మదింపు) డ్రాఫ్ట్ వచ్చినప్పుడు గడువును ఢిల్లీ హైకోర్టు ఆగస్టు 11 దాకా పొడిగించింది, దేశమంతా లక్షల్లో లెటర్లు పోయినాయి. ఇటుక బట్టీల సంగతి చూడండి, 2022 ఫిబ్రవరిలో రూల్ వచ్చింది, పొగ తగ్గించే పద్ధతులైన జిగ్‌జాగ్‌కో వర్టికల్ షాఫ్ట్‌కో మారాల, లేదంటే పైపు గ్యాస్ వాడాల, గాలి బాగాలేని నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉంటే ఒక ఏడాది, మిగతా చోట్ల రెండేళ్ళు. గెజిట్‌లో పడినాక ఆ గడువు మార్చుకోవడం ఎంత కష్టమో బట్టీల వాళ్ళను అడగండి. డ్రాఫ్ట్ ఉన్నప్పుడే "మా యూనిట్ ఇంత సైజు, మార్చడానికి ఇంత ఖర్చు, ఇంత టైమ్ పడుతుంది" అని లెక్కతో రాసినోళ్ళ మాటకు విలువ ఉంటుంది, "పరిశ్రమ మూతపడుతుంది, కార్మికులు రోడ్డున పడతారు" అని మాత్రమే రాస్తే ఆ కాగితం ఫైల్‌లోనే ఉండిపోతుంది. మీ అసోసియేషన్‌లో గెజిట్ చూసే మనిషి ఒక్కడైనా ఉన్నాడా, అది అడగండి.

పెన్న_ఒడ్డు_రైతు:
మీ మాటల మధ్యలో వస్తాండా, ఏమనుకోవద్దు. మా చీనీ తోట మీ యూనిట్ల లైన్‌కు దగ్గర్లోనే. ట్రాక్టర్ ట్యాంకర్లు రాత్రిపూట వచ్చి వంకలో స్లర్రీ వదిలి పోతాయి. తడిగా ఉన్నప్పుడు పాలలాగా ఉంటుంది, నాలుగు దినాలు ఎండితే పైన గట్టి పొర కట్టేస్తాది, దాని మీద వాన పడితే నీళ్ళు లోపలికి దిగవు, పక్కకు జారిపోతాయి. ఎండాకాలం గాలికి ఆ పొడి లేచి ఆకుల మీద కూర్చుంటాది, చేత్తో తుడిస్తే ఆకు అప్పుడు పచ్చగా కనపడుతుంది, ఎన్ని చెట్ల ఆకులని తుడుస్తాం? సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో అర్జీలు ఇచ్చేది మేమే. మీకు వచ్చిన నోటీసుల వెనక మా అర్జీలు ఉన్నాయో లేవో గానీ ఉంటే మాకేం సిగ్గు లేదు. అసోసియేషన్ వాళ్ళు ఒక్కసారన్నా మా ఊరికి వచ్చి కూర్చొని మాట్లాడినారా? ఆఫీసర్ల దగ్గరికి, ఎమ్మెల్యే దగ్గరికి పోతారు, పొలం పోయినోడి దగ్గరికి మాత్రం రారు. మీ యూనిట్లు మూతపడాలని మేము కోరడం లేదు, మా ఊరి పిల్లోళ్ళే అక్కడ కూలికి వస్తారు. ఆ బురద వంకలో పోయొద్దు, అంతే.

బేతంచెర్ల_రాయి:
పైన రైతన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం, మా వైపు కూడా ఇదే కథ. తాడిపత్రి అన్నా, మీ దగ్గర ఒక మంచి అవకాశం ఉంది, నాపరాయి అంటే సున్నపురాయే, దాని పొడి సిమెంట్‌కు పనికొచ్చే సరుకు, మన రాయలసీమలో సిమెంట్ ఫ్యాక్టరీలకు కొదవ లేదు. కానీ మీరు అదే ట్యాంకులో గ్రానైట్ స్లర్రీ కూడా కలిపేస్తే వాళ్ళు ఇష్టపడరు, కాబట్టి రెండిటికీ వేరే వేరే ట్యాంకులు ఉండాల్సిందే, ఇది మీ యూనిట్‌లో రేపే మొదలుపెట్టగలిగిన పని. ఫిల్టర్ ప్రెస్ (బురదను పిండి నీళ్ళు వేరు చేసే మిషన్) పెడితే నీళ్ళు మళ్ళీ మిషన్‌కు వాడుకోవచ్చు, బోరు మీద భారం తగ్గుతుంది, పొడి చెక్కలు చెక్కలుగా వస్తుంది కాబట్టి లారీకి ఎత్తడం కూడా సులువు. ఒక్క చిన్న యూనిట్‌కు ప్రెస్ కొనడం బరువే, అందుకే ఈ పని అసోసియేషన్ చేయాల. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖలో క్లస్టర్ స్కీమ్ ఉంది, యూనిట్లన్నీ కలిసి ఎస్పీవీ (ఈ పని కోసమే పెట్టే ఉమ్మడి సంస్థ) పెట్టుకుంటే కామన్ ఫెసిలిటీకి 5 నుంచి 10 కోట్ల ప్రాజెక్ట్ అయితే 70 శాతం దాకా గ్రాంట్, 10 నుంచి 30 కోట్లదైతే 60 శాతం. స్థలం కోసం కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా పరిశ్రమల కమిటీ మీటింగ్‌లో పెట్టాల, జిల్లా పరిశ్రమల కేంద్రం జీఎంను కలిసి ఎజెండాలో చేర్పించుకోండి. మీరు ఇచ్చే చందా ఈ ప్రాజెక్ట్ రిపోర్ట్‌కు పోతే దానికి అర్థం ఉంటుంది.

ఎక్స్‌పోర్ట్_అనంత:
సుంకం సంగతి నేను చెప్తా. అమెరికా సుంకం మీద తాడిపత్రి అసోసియేషన్ ఒక్కటే లెటర్ రాసినా పెద్దగా జరిగేది ఉండదు, ఆ మాట కేపెక్సిల్ (ఎగుమతిదారుల మండలి) ద్వారా వాణిజ్య శాఖకు పోవాల, రాళ్ళ ఎగుమతులు వాళ్ళ కిందికే వస్తాయి. చిక్కు ఏందంటే అక్కడ కూర్చునేది ఎక్స్‌పోర్టర్లు, మీలాగా వాళ్ళకు రాయి కోసిచ్చే యూనిట్ల బాధ అక్కడికి చేరదు. ఎన్ని ఆర్డర్లు ఆగినాయి, ఎన్ని షిఫ్టులు తగ్గినాయి అని యూనిట్ల వారీగా రాసి ఎక్స్‌పోర్టర్ చేతిలో పెడితేనే అది పైకి పోతుంది. విదేశాల్లో పరిశ్రమల వాళ్ళు పని ఎట్లా చేయించుకుంటారో చూడండి, అమెరికాలో క్వార్ట్జ్ స్లాబులు చేసే కంపెనీ పిటిషన్ వేస్తే 2020లో మన దేశం నుంచి పోయే క్వార్ట్జ్ మీద యాంటీ డంపింగ్ సుంకం (సరుకు మరీ తక్కువ ధరకు పంపుతాండారని వేసేది) పడింది. మన దగ్గర అట్లా అడగాలంటే వాణిజ్య శాఖలో ఇట్లాంటి ఫిర్యాదులు చూసే డీజీటీఆర్‌కు పోవాల, అడిగేవాళ్ళ ఉత్పత్తి దేశంలో మొత్తం ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాల. చిన్న యూనిట్లు లెక్కలు దాచుకుంటే ఆ 25 శాతం ఎప్పటికీ చూపించలేరు.

తాడిపత్రి_బండలు:
చాలా థాంక్స్ అన్నా అందరికీ. నా జవాబు నేనే రాసి పంపిస్తా, గ్రానైట్ ట్యాంకు వేరే చేసే పని రేపు మేస్త్రీతో మాట్లాడతా. చందా అసోసియేషన్ ఖాతాలోకే వేస్తా, దేనికి ఖర్చు పెట్టినారో రసీదు అడుగుతా. రైతన్నా, ట్యాంకర్లు మా యూనిట్‌వి కాకపోయినా మా లైన్‌వే, వచ్చే మీటింగ్‌లో ఈ మాట నేనే లేపుతా. మీ ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు వస్తారా?

పెన్న_ఒడ్డు_రైతు:
వస్తాం. పొద్దున పూట పెట్టండి, సాయంత్రం తోటకు నీళ్ళు కట్టేది ఉంటాది.

కర్నూలు_కన్సెంట్:
కొత్త ట్యాంకు కట్టేటప్పుడు ఫోటోలు తేదీతో తీసి జవాబుకు జత చేయండి, అక్నాలెడ్జ్‌మెంట్ మీద ఆఫీసు సీల్ వేయించుకోకుండా బయటికి రావద్దు.