బీఎస్6 పికప్‌లో బీ20 బయోడీజిల్ పోయొచ్చా?

మిర్చి_లోడు, గుంటూరు
యార్డు నుంచి విజయవాడ, ఏలూరు రూటులో రెండు పికప్‌లు తిరుగుతున్నాయి. ఒకటి పాత డీఐ ఇంజిన్, మెకానికల్ పంపు. రెండోది కొత్త కాలుష్య ప్రమాణం బీఎస్6 బండి, కామన్ రైల్ (కంప్యూటర్ నడిపే హై ప్రెషర్ ఇంజెక్షన్). ఒక సప్లయర్ బయోడీజిల్‌ని (వంటనూనెల్లాంటి వాటి నుంచి చేసే ఇంధనం) డీజిల్ కంటే లీటరుకు 8 రూపాయలు తక్కువకి ఇస్తానంటున్నాడు. 20 శాతం కలుపుకుని (అదే బీ20) రెండు బండ్లలోనూ పోసుకోవచ్చంటాడు. తెలిసినవాళ్లు చెప్పండి: పోయొచ్చా? పోస్తే ముందు ఏమేం మార్చాలి?

పంపుషాపు, ఆటోనగర్
ముందు పాత బండి సంగతి. మెకానికల్ పంపుకి బీ20తో ఇబ్బంది లేదండి, మొదటి నెల జాగ్రత్తగా దాటిస్తే చాలు. బయోడీజిల్‌కి కరిగించే గుణం ఎక్కువ. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున, పైపుల లోపల పట్టిన మడ్డినంతా లేపి తెచ్చి ఫిల్టర్‌లో వేస్తుంది. లోడు మీద ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి గుంజదు, యాక్సిలరేటర్ తొక్కినా వేగం అందుకోదు. పంపు పోయిందనుకుని విప్పిస్తారు. నిజానికి మార్చాల్సింది ఫిల్టర్.

కాబట్టి ముందు ట్యాంకు దింపి కడిగించండి. అది కుదరకపోతే అడుగు డ్రెయిన్ ప్లగ్ విప్పి మడ్డితో సహా రెండు మూడు లీటర్లు వదిలెయ్యండి. ఒక ట్యాంకు బీ5, తర్వాతది బీ10, ఆ తర్వాతే బీ20. మొదటి రెండు ట్యాంకులు అయిపోయినప్పుడల్లా ఫిల్టర్ మార్చాలి. ఒక స్పేర్ ఫిల్టర్ ఎప్పుడూ బండిలో ఉండాలి.

ఇక రబ్బరు. రిటర్న్ పైపులు, ఫీడ్ పంపు డయాఫ్రం, ఓ రింగులు చూసుకోవాలి. పాతకాలపు మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, అక్కడి నుంచి గాలి పీలుస్తుంది, పొద్దున్నే స్టార్టింగ్ కష్టమవుతుంది. విటాన్ (ఎఫ్‌కేఎం రబ్బరు) తట్టుకుంటుంది. రెండూ నల్లగా ఒకేలా ఉంటాయి, కంటితో తేడా తెలియదు. ప్యాకెట్ మీద ఎఫ్‌కేఎం అని ఉన్నవే అడిగి తీసుకోండి.

కృష్ణలంక_ట్రాన్స్‌పోర్ట్
పాత బండికి అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నన్నడిగితే బీఎస్6కి కూడా భయపడక్కర్లేదు. బీ20 దాకా మిశ్రమాలకి ఐఎస్ 16531 అని ప్రత్యేకంగా ప్రమాణమే ఉంది. 2018 జీవ ఇంధన విధానంలో 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. పైగా బీఎస్6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకి దించారు. గంధకం తీసే ప్రక్రియలోనే డీజిల్‌కి సహజంగా ఉండే జిడ్డు గుణం తగ్గుతుంది. రెండు శాతం బయోడీజిల్ కలిస్తే అది తిరిగొస్తుంది, హై ప్రెషర్ పంపుకి మేలే కదా?

ల్యాబ్_రిపోర్ట్
జిడ్డు గుణం మాట నిజమే, కానీ దానికి రెండు శాతం చాలు, ఇరవై అక్కర్లేదు. పైగా కంపెనీలు ఆ లోటు పూడ్చే సంకలనాలు కలిపే బంకులకి పంపిస్తాయి. ఇంధనానికి ప్రమాణం ఉన్నంత మాత్రాన మీ ఇంజిన్‌ని దానికోసం తయారు చేశారని కాదండీ. ఏ శాతం దాకా ఒప్పుకుంటారో ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. బీ5 అనో బీ7 అనో ఉంటే అంతే. అది దాటితే వారంటీ అడిగే హక్కు మీ చేతులారా పోగొట్టుకున్నట్టే.

అసలు చిక్కు డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లో మసి పట్టే ఫిల్టర్) దగ్గర. బీఎస్6 పికప్‌లలో దాదాపు అన్నింటికీ అది ఉంటుంది. మసి నిండాక దాన్ని కాల్చెయ్యడానికి రీజనరేషన్ జరగాలి. అప్పుడు ఇంజెక్టర్ అసలు మంట అయిపోయాక, పిస్టన్ కిందికి దిగుతుండగా ఇంకో చిన్న స్ప్రే కొడుతుంది. ఆ ఇంధనం ఆవిరై బయటికి పోయి, క్యాటలిస్ట్ దగ్గర మండి, డీపీఎఫ్‌ని 600 డిగ్రీల దాకా వేడెక్కించాలి. డీజిల్ సుమారు 180 నుంచి 360 డిగ్రీల మధ్య అంచెలంచెలుగా మరుగుతుంది. బయోడీజిల్ మాత్రం దాదాపు మొత్తం 320 దాటాకే మరుగుతుంది. అందుకని ఆ స్ప్రేలో కొంత ఆవిరి కాకుండా సిలిండర్ గోడకి తగిలి, రింగుల పక్కనుంచి ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. అలా దిగిన డీజిల్‌లో తేలిక భాగం ఆయిల్ వేడికి మళ్లీ ఆవిరైపోతుంది. బయోడీజిల్ అక్కడే ఉండిపోయి, ఆక్సీకరణం చెంది చిక్కటి జిగురు అవుతుంది.

గుంటూరులో గల్లీల్లో డెలివరీలు తిరిగే బండికి ఇది ఇంకా ఎక్కువ. రీజనరేషన్ మొదలవుతుంది, సగంలో ఇంజిన్ ఆపేస్తారు, మళ్లీ మొదలవుతుంది. ప్రతిసారీ స్ప్రే పడుతుంది. ఆయిల్ గేజి తీసి చూడండి: ఆయిల్ తగ్గాల్సింది పోయి మ్యాక్స్ గీత దాటి పెరుగుతుంటే ఇదే జరుగుతున్నట్టు. పైన టాపప్ చేసి లాభం లేదు, ఆయిల్ మొత్తం మార్చాలి.

కృష్ణలంక_ట్రాన్స్‌పోర్ట్
అన్ని ఇంజిన్లూ సిలిండర్‌లోనే స్ప్రే కొట్టవు కదా. ఎగ్జాస్ట్ పైపులో విడిగా ఇంజెక్టర్ పెట్టినవీ ఉన్నాయి.

ల్యాబ్_రిపోర్ట్
ఉన్నాయి, ఎక్కువగా పెద్ద లారీల్లో. అలాంటి బండిలో ఆయిల్ పలచబడే బాధ ఉండదు, ఒప్పుకుంటాను. కానీ బూడిద బాధ ఉంటుంది. బయోడీజిల్ తయారీలో ఉత్ప్రేరకంగా వాడిన సోడియం, పొటాషియం సరిగా కడగకపోతే అందులోనే మిగిలిపోతాయి. మసి కాలిపోతుంది, ఈ లోహాల బూడిద కాలదు, డీపీఎఫ్‌లోనే పేరుకుంటుంది. అందుకే బీ100 (డీజిల్ కలపని బయోడీజిల్) ప్రమాణం ఐఎస్ 15607లో ఆ రెండూ కలిపి కిలోకి 5 మిల్లీగ్రాములు మించకూడదని పెట్టారు. మిర్చి_లోడు గారూ, సప్లయర్‌ని ఆ బ్యాచ్ టెస్ట్ రిపోర్టు అడగండి. నీటి శాతం, యాసిడ్ విలువ (0.50 దాటకూడదు), సోడియం-పొటాషియం, ఆక్సిడేషన్ స్థిరత్వం అందులో ఉండాలి. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి. బయోడీజిల్ పేరుతో చవక ఖనిజ నూనెలు అమ్మేవాళ్లూ ఉన్నారు.

మిర్చి_లోడు, గుంటూరు
రిపోర్టు ఇచ్చినా డబ్బాలో ఉన్నది అదేనని నమ్మకమేంటండీ? మనం చూసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

ల్యాబ్_రిపోర్ట్
ఉంది. గాజు సీసాలో 27 మి.లీ. మెథనాల్, 3 మి.లీ. బయోడీజిల్ పోసి బాగా కదిపి పది నిమిషాలు ఉంచండి. మొత్తం కరిగి తేటగా ఉంటే మంచిది. అడుగున నూనె బొట్టు దిగితే మార్పు పూర్తికాని నూనె ఉన్నట్టు. ఖనిజ నూనె కలిపినా అడుక్కే దిగుతుంది. రెండు షరతులు: పరీక్ష బీ100కే, డీజిల్ కలిపిన దానికి పనికిరాదు. రెండు ద్రవాలూ 20-22 డిగ్రీల దగ్గర ఉండాలి. మన మే నెల వేడిలో చేస్తే కరగకూడనిది కూడా కరిగి దొంగ సరుకు పాసైపోతుంది. మెథనాల్ విషం. ఆవిరి పీల్చకూడదు, చేతికి గ్లవుజులు ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు.

సబ్బు మిగిలిందో లేదో చూడటానికి ఇంకోటి: సగం సీసా బయోడీజిల్, సగం నీళ్లు పోసి గట్టిగా కదపండి. అరగంటలో రెండూ విడిపోయి మధ్యలో గీత శుభ్రంగా కనిపించాలి. పాలలా తెల్లగా ఉండిపోతే సబ్బు మిగిలి ఉంది, వద్దు.

పంపుషాపు, ఆటోనగర్
కలపడంలో లెక్క కూడా చూసుకోండి. బంకు డీజిల్‌లోనే 7 శాతం దాకా బయోడీజిల్ ఉండొచ్చని ఐఎస్ 1460 ఒప్పుకుంటుంది. 40 లీటర్ల డీజిల్‌లో 10 లీటర్లు కలిపి బీ20 అనుకుంటారు, అందులో ముందే 7 శాతం ఉంటే అది దాదాపు బీ26. అనుమానం ఉంటే 43 లీటర్లకి 7 కలపండి, ఎలా చూసినా 20 కంటే పైకి పెద్దగా పోదు. ముందు డీజిల్ కొట్టించి, దాని మీద బయోడీజిల్ పొయ్యాలి. బరువైనది కాబట్టి కిందికి దిగుతూ కలుస్తుంది. ముందే పోస్తే అడుగునే ఉండి మొదట చిక్కగా పంపుకి చేరుతుంది.

నిల్వ హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) క్యాన్లలో, నీడలో, మూత బిగించి, నిండుగా. రాగి, ఇత్తడి, జింకు తగిలితే త్వరగా పాడవుతుంది, జింకు పూసిన జీఐ డ్రమ్ములు వద్దు. డీజిల్ కంటే తేమ బాగా ఎక్కువ లాక్కుంటుంది కాబట్టి వానాకాలంలో వారానికోసారి ఫిల్టర్ కింద నీళ్లు వదలండి. మూడు నెలలకి మించి దాచొద్దు. పామాయిల్ సరుకైతే లంబసింగి వైపు చలికాలం కిరాయికి ఆ క్యాన్ తీసుకెళ్లొద్దు, 15 డిగ్రీల దగ్గరే తెల్లగా గడ్డకడుతుంది.

బెంజ్_సర్కిల్_వాసి
పునుగుల బండ్ల దగ్గర కాగిన నూనె చవగ్గా దొరుకుతుంది. వడగట్టి పాత బండిలో పోస్తే?

పంపుషాపు, ఆటోనగర్
వద్దు తమ్ముడూ. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటిస్టోక్స్, బయోడీజిల్‌ది 5 లోపు, నూనెది 30 పైనే. నాజిల్ దాన్ని పొగమంచులా చిమ్మలేదు, ధారగా కొడుతుంది. నాజిల్ మొన మీద బొగ్గు, రింగులు అతుక్కోవడం, ఆయిల్ గట్టిపడటం వరసగా వస్తాయి. ఆ నూనె బయోడీజిల్ ప్లాంటుకి చేరాలి. 2018లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన రూకో (వాడిన వంటనూనె సేకరణ) పథకం అందుకే.

ల్యాబ్_రిపోర్ట్
చివరగా డబ్బు. డీజిల్ 97 రూపాయలు అనుకుందాం. 8 రూపాయల తేడాతో 20 శాతం కలిపితే లీటరు 95.40 పడుతుంది. బీ20లో శక్తి ఒకటి నుంచి రెండు శాతం తక్కువ. మైలేజీ ఒకటిన్నర శాతం తగ్గితే అసలు ఖర్చు 96.85. మిగిలేది లీటరుకి 15 పైసలు. నెలకి 300 లీటర్లు కాల్చే బండికి 45 రూపాయలు.

కృష్ణలంక_ట్రాన్స్‌పోర్ట్
20 రూపాయల తేడా దొరికితే లెక్క మారుతుంది కదా. అప్పుడు అదే లెక్కన లీటరుకి రెండున్నర రూపాయలు మిగులుతుంది. బీఎస్6 విషయంలో డీపీఎఫ్ వాదన ఒప్పుకుంటున్నాను, మాన్యువల్ దాటొద్దు. పాత బండికి మాత్రం మంచి సరుకు దొరికితే పోయమనే చెప్తాను.

మిర్చి_లోడు, గుంటూరు
బీఎస్6 జోలికి పోను. పాత బండికి రిపోర్టు, శాంపిల్ రెండూ అడిగాను. ట్యాంకు దింపడం ఈ ఆదివారం ఆటోనగర్‌లో, ఎఫ్‌కేఎం పైపులు ముందే తెప్పించి పెట్టండన్నా.